పెదరేవు లైను

తోటవలస టెలిఫోను ఎక్స్ఛేంజిలో బోర్డు నిండిపోయి ఏడాది దాటింది. యాభై కనెక్షన్లు పట్టే బోర్డు, యాభయ్యూ ఇచ్చేశారు. ఇంకో బోర్డు పంపమని సూపర్‌వైజరు గణపతిరావు రాసినప్పుడల్లా పైనుంచి ఒకటే జవాబు వచ్చేది. ఈ ఏడాది డబ్బు లేదు, ఉన్నదాంతో సర్దుకోండి. ఆ సర్దుకోవడంలో ముందు బ్యాటరీలు చూసే మనిషిని తీసేశారు. తరవాత ముగ్గురు ఆపరేటర్లలో ఒకరిని తీసేశారు. ఇప్పుడు పగలు నీలవేణి, రాత్రి జగన్నాధం మిగిలారు. ఆ ఇద్దరిలో కూడా ఒకరు ఎక్కువేమో అన్నట్టు గణపతిరావు అప్పుడప్పుడు వాళ్ళకేసి చూసేవాడు.

ఆ సోమవారం పొద్దున్నే ఆయన కుర్చీ లాక్కుని నీలవేణి పక్కన కూర్చున్నాడు. ఆమె హెడ్‌ఫోను పెట్టుకుని పనిలో ఉంది. బోర్డు మీద ఒక ఇత్తడి రెక్క టక్కున పడింది. ఎవరో పిలుస్తున్నారు. ఆమె తాడు అందుకుని ఆ రెక్క కింది కన్నంలో గుచ్చి "నంబరు ప్లీజ్" అంది. విని, జంట తాడు ఇంకో కన్నంలో గుచ్చి కుడిచేత్తో పిడి తిప్పింది. అవతల గంట మోగింది. పడిన రెక్కని వేలితో పైకి నెట్టింది. ఇదంతా చూడకుండానే చేస్తుంది. పొందూరులో తల్లి పక్కన కూర్చుని రాట్నం తిప్పిన చేతులవి.

"అమ్మాయ్, ఒక తీగమీద ఇద్దర్ని కూర్చోబెడితే ఎలాగుంటాది?" అన్నాడు గణపతిరావు.

"ఎవరెవర్నండి?"

"పెదరేవుని, నరసింగరావుగారి నూనె మిల్లుని. దారి ఒకటే కదా. మిల్లు దాటి వెళ్తే రేవు. ఒక్క గంట మోగిస్తే మిల్లుకి, రెండు మోగిస్తే రేవుకి. ఎవరి గంటకి వాళ్ళు ఎత్తుకుంటారు. మనకి ఒక కన్నం మిగుల్తాది. పోలీసు కేంపువాళ్ళు లైను లైను అని నా ప్రాణం తీసేస్తన్నారు."

"మరి మిల్లువారు మాట్లాడుతుంటే రేవువాళ్ళో?"

"ఆగుతారు. చేపలేమన్నా పారిపోతాయా?" అని నవ్వాడు. నీలవేణి నవ్వలేదని చూసి గొంతు సవరించుకున్నాడు. "రేవు లైను మీద మనకి వచ్చేదేముంది? గాలివాన కబురు చెప్పడానికే కదా పెట్టింది. గాలివాన రోజూ వస్తాదా?"

ఆమె ఇంకో తాడు గుచ్చింది. పిడి మళ్ళీ తిప్పింది. లోపల ఏదో కరకరమంది. పిడిలో పళ్ళచక్రం అరిగిందని కిందటేడే రాశారు. బాగుచెయ్యడానికీ డబ్బు రాలేదు. ఆ మధ్య గణపతిరావే మరలు విప్పి, సిగరెట్టు పెట్టెలోంచి వెండి కాయితం తీసి మడతపెట్టి చక్రం సందులో ఇరికించాడు. ఇంకో ఏడు లాగిస్తుందన్నాడు. తన పనితనం చూసుకుని ఆ రోజంతా ఆయన సంతోషంగా ఉన్నాడు.

మధ్యాహ్నానికి వైర్లు మార్చడం అయిపోయింది. జంట లైను కుదిరిందని తేలేదాకా రేవు పాత కన్నాన్ని కేంపుకి ఇవ్వకుండా గణపతిరావు ఆపి ఉంచాడు. పెదరేవుకి కొత్త పద్ధతి చెప్పే పని నీలవేణికే పడింది.

పెదరేవులో టెలిఫోను దాలమ్మ ఇంటి అరుగుమీద గోడకి ఉంటుంది. ఎండుచేపలు అమ్ముకునే దాలమ్మని నీలవేణి ఎప్పుడూ చూడలేదు. ఆమె గొంతు మాత్రం బాగా తెలుసు, అక్కని పిలిచినట్టు అప్పా అని పిలిచేది. తీగలో మాట దానంతటదే రాదనీ, తను కొంత తొయ్యాలనీ అనుకుంటుందేమో, దాలమ్మ గట్టిగా అరిచి మాట్లాడేది. వెనకాల సముద్రం హోరు, కాకులు, పిల్లల ఏడుపులు అన్నీ కలిసి వచ్చేవి.

"రెండు గంటలా? అంటే మాకు ఎక్కువిచ్చినట్టే కదేటమ్మా!" అంది దాలమ్మ సంగతి విని.

"కాదప్పా. ఒక్కటి మోగితే మిల్లుది. మీరు ఎత్తకూడదు."

"మా గోడమీద మోగితే మాది కాదేటి?"

"కాదు. రెండు మోగితేనే మీది."

"సరే తల్లీ. ఎవులో వండుకున్న కూడు వాసనొచ్చినంత మాత్రాన తింటామేటి?" అని దాలమ్మ పకపకా నవ్వింది. నీలవేణికీ నవ్వు వచ్చింది.

బుధవారం నాడు నరసింగరావు స్వయంగా ఎక్స్ఛేంజికి వచ్చాడు. లావుపాటి మనిషి. గుమ్మంలోనే చెప్పులు విడిచాడు గాని గొంతు మాత్రం బయట విడిచిరాలేదు.

"ఏటయ్యా గణపతిరావూ, నాను బేరం మాటాడుకుంటంటే ఊపిరి వినిపిస్తన్నాది. ఎవులో ఆడది నా చెవిలో ఊపిరి తీస్తన్నాది! గింజల ధర సెప్పాలా, మానాలా? ఎనక సముద్రం ఒకటి. మా బావమరిది బరంపురం నుంచి మాటాడతా, బావా నువ్వు తెప్ప మీద ఉన్నావేటి అని అడిగినాడు."

జగన్నాధం జీతం విషయం అడగడానికి అప్పుడే వచ్చి బల్లదగ్గర నిలబడి ఉన్నాడు. తల పక్కకి తిప్పుకుని దగ్గాడు. అది దగ్గు కాదని అందరికీ తెలిసింది.

"కొత్త కదండీ, అలవాటు పడతారు," అన్నాడు గణపతిరావు.

"ఆళ్ళు అలవాటు పడాల. నాను కాదు. ఇంకోపాలి ఎవులైనా నా గంటకి ఎత్తితే నాను మీ పైవోళ్ళకి రాస్తాను. ఇక్కడ మనుషులెక్కువై పని తక్కువైనాదని రాస్తాను."

ఆ మాట గణపతిరావుకి తగిలింది. నరసింగరావు వెళ్ళాక నీలవేణికేసి తిరిగాడు. "విన్నావు కదా. నువ్వే చెప్పు వాళ్ళకి. గట్టిగా చెప్పు. ఇంకోసారి ఎత్తితే లైను తీసేస్తామని చెప్పు. ఆయన గాని రాస్తే ముందు ఎవరి ఉద్యోగం ఊడుతుందో నీకు వేరే చెప్పాలా?"

నీలవేణి తాడు గుచ్చి రెండుసార్లు పిడి తిప్పింది. దాలమ్మ ఎత్తింది. గణపతిరావు పక్కనే నిలబడి వింటున్నాడు. నీలవేణి తన గొంతు తనకే కొత్తగా వినిపిస్తుండగా, ఆయన చెప్పమన్నదంతా చెప్పింది. ఒక్క గంట మోగితే ఫోను ముట్టుకోవద్దంది. ముట్టుకుంటే తీసేస్తారంది.



"నానే ఎత్తినానమ్మా," అంది దాలమ్మ. గొంతు తగ్గింది. "ఒకటి మోగినాక రెండోది వస్తాదేమోనని సూసి ఎత్తీసినాను. తప్పే. మా తమ్ముడికి సెప్తాను. ఆడే పెద్ద ఇక్కడ."

మర్నాడు పొద్దున్నే రేవునుంచి పిలుపు వచ్చింది. దాలమ్మ తమ్ముడు సోములు ఆ పాలేనికి కులపెద్ద. ముందురోజు సాయంత్రం అందర్నీ ఒడ్డున కూర్చోబెట్టాడట. ఒక్క గంటకి ఎవరు ఫోను ముట్టుకున్నా ఆ పడవకి ఆ వారం వలలో వాటా లేదని తేల్చేశాడట. దోసిట్లో సముద్రపు నీళ్ళు పట్టి గంగమ్మతల్లి పేరున అందరిచేతా మాట తీసుకున్నాడట.

"ఇంక మీకు బయం నేదమ్మా," అంది దాలమ్మ. ఆమె గొంతులో గర్వం ఉంది. "ఒక్క గంట మోగితే మా కోడి కూడా అటు సూడదు. నీళ్ళు పట్టి మాటిచ్చినాం. మా ఓళ్ళు పెళ్ళాం మాట దాటుతారు గానీ నీళ్ళమీద మాట దాటరు."

"మంచిదప్పా," అంది నీలవేణి. తాడు లాగేశాక ఆ కన్నంకేసి కాసేపు చూసింది. ఎందుకో తెలియలేదు, ఆ మాట అంత గట్టిగా ఇవ్వకపోతే బాగుండుననిపించింది.

శుక్రవారం గాలి లేదు. కిటికీ బయట కొబ్బరాకులు గీసిన బొమ్మల్లా ఉన్నాయి. బోర్డు ముందు కూర్చుంటే చెమట మెడమీదనుంచి జారి జాకెట్టు తడిసిపోతోంది. పగలంతా పిలుపులు ఎక్కువ. శ్రీకాకుళం చేపల షావుకారు రేవుతో మాట్లాడాలని రెండు మూడుసార్లు అడిగాడు. అడిగినప్పుడల్లా నీలవేణి రెండేసి గంటలు మోగించింది. ఎవరూ ఎత్తలేదు. అందరూ ఒడ్డున ఉన్నారేమో అనుకుని, రేవులో జవాబు లేదండీ అని చెప్పేసింది. సాయంత్రానికి మణికట్టు నొప్పెట్టింది. రెండోసారి తిప్పేటప్పుడు పిడి తేలిగ్గా తిరుగుతోంది. అదే నయమనుకుంది.

శనివారం పొద్దున్న మిల్లుకీ రేవుకీ కలిపిన రెక్క పడింది. దాలమ్మ శ్రీకాకుళంలో మంచుగడ్డ మిల్లుకి కలపమంది. ఖాళీగా లేదు, ఆగమంది నీలవేణి. ఆగమంటే దాలమ్మ ఊరికే ఆగే మనిషి కాదు.

"నిన్న నూనె మిల్లోడికి పిలుపులే పిలుపులమ్మా! ఒకటి మోగడం, ఆగడం. ఒకటి మోగడం, ఆగడం. ఎవులో తెగ పిలిసినారు. మావు సెవులు మూసుకుని కూకున్నాం. ఆకాశం సూసినావేటి? రాగి సెంబునాగ ఉన్నాది."

"ఇక్కడా అలాగే ఉందప్పా," అంది నీలవేణి. అంతలో మంచుగడ్డ మిల్లు దొరికింది. కలిపేసింది.

మధ్యాహ్నం భోజనాల వేళ తంతి బల్లమీద యంత్రం టకటకలాడింది. గణపతిరావు అన్నం చెయ్యి కడుక్కుని వచ్చి కాయితం అందుకున్నాడు. చదివి బోర్డు దగ్గరికి వచ్చాడు. సముద్రంలో వాయుగుండం. తీరంకేసి వస్తోంది. పడవలు వెళ్ళకూడదు. వెళ్ళినవాటిని వెనక్కి పిలవాలి.

"రేవుకి చెప్పు," అన్నాడు.

నీలవేణి తాడు గుచ్చి రెండుసార్లు తిప్పింది. ఆగింది. మళ్ళీ రెండుసార్లు. ఎవరూ ఎత్తలేదు. బయట అప్పుడే గాలి మొదలైంది. కిటికీ రెక్క ఒకటి కొట్టుకుంది. మూడోసారి తిప్పుతుంటే చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. మొదటిసారి బరువుగా, రెండోసారి తేలిగ్గా. చక్రం జారినప్పుడు రాట్నం పిడి కూడా ఇలాగే తిరుగుతుంది. చెయ్యి తిరుగుతుంది, కదురు తిరగదు.

నిన్న శుక్రవారం. మిల్లుకి సెలవు. సెలవు రోజున మిల్లుని ఎవరూ పిలవలేదు. రేవుని పిలిచింది తనే.

"సార్," అంది. "రెండో గంట పోవట్లేదండీ. చక్రం ఒకసారి తిరగ్గానే జారిపోతోంది, కాసేపాగితే గాని మళ్ళీ పట్టదు. ఇక్కడ ఊళ్ళోవాళ్ళకి తెలియదు, దగ్గర కాబట్టి ఆ కాస్త బలానికే మోగుతుంది. అంత దూరం పోదు. వాళ్ళకి ఒక్కటే మోగుతోంది."

"మోగుతోంది కదా. ఎత్తమను."

"ఒక్క గంటకి ఎత్తరండీ."

గణపతిరావు ఆమెకేసి చూశాడు. ఆయన ముఖంలో రంగు తగ్గింది. అయినా "మనం పిలిచాం. టైము రాసుకో. మన పని మనం చేశాం," అన్నాడు. అన్నాడే గాని అక్కణ్ణించి కదలలేదు.

నీలవేణి పిడి బలంగా తిప్పింది. ఒక్కటే. కాసేపటికి ఎవరో ఎత్తారు. 

"ఎవులూ?" అంది నరసింగరావు గొంతు.

"బాబుగారూ, ఎక్స్ఛేంజి. రేవుకి కబురు వెళ్ళటం లేదండీ. గాలివాన వస్తోంది, పడవలు దించొద్దని చెప్పాలి. మీ మిల్లునుంచి ఎవరినైనా పంపండి బాబూ. సైకిలుమీద ఎంతసేపు."

"ఎవుల్ని పంపీదమ్మా? కల్లంలో వేరుశనగ పడున్నాది. ఉన్నోళ్ళందరూ అది లోపలికి మోస్తన్నారు. ఆళ్ళకి ఆకాశం కనిపించదేటి? పుట్టినకాణ్ణించీ సముద్రం కాడే ఉన్నారు." ఆయన గొంతు పక్కకి తిరిగింది. ఎవరినో తిట్టాడు. మళ్ళీ దగ్గరకి వచ్చింది. "సూస్తానులే. పని తెమిలితే పంపుతాను."

ఫోను పెట్టేశాడు.

నీలవేణి మళ్ళీ తిప్పింది. ఒకటి. ఆగి, ఇంకొకటి. ఇంక మిల్లులో కూడా ఎవరూ ఎత్తలేదు. అందరూ కల్లంలో ఉన్నారు. బోర్డు మీద వేరే రెక్కలు టకటకా పడుతున్నాయి. ఆమె వాటికేసి చూడలేదు. గణపతిరావు ఎడంపక్కన నిలబడి, అలవాటు లేని చేతులతో ఆ తాళ్ళు తనే గుచ్చడం మొదలుపెట్టాడు. గది చీకటైంది. దీపం వెయ్యాలని ఇద్దరికీ తోచలేదు.

ఆ గంట అక్కడ దాలమ్మ అరుగుమీద మోగుతోందని నీలవేణికి తెలుసు. గంట మోగుతుంటే దాలమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంటుందనీ తెలుసు. ఆ చేతులు అలా కట్టింది తను. మణికట్టు మండుతోంది. చెయ్యి మార్చి ఎడంచేత్తో తిప్పింది. ఒకటి. ఆగి, ఒకటి. ఎంతసేపు తిప్పిందో ఆమెకి గుర్తులేదు.

తీగలో కిర్రుమంది. సముద్రం వినిపించింది. ఎప్పుడూ వినిపించే హోరు కాదది. దగ్గర్లో ఏదో పెద్ద జంతువు మూలుగుతున్నట్టుంది.

"తప్పు పెట్టీకమ్మా," అంది దాలమ్మ. "ఈ గంట మాది కాదని తెలుసు. మిల్లుకాడ ఎవులూ ఎత్తట్నేదు కదా. ఇంతసేపు మోగినాది. ఆళ్ళకేటైనా అయిపోనాదేటో, గోడ గానీ పడిపోనాదేటోనని ఎత్తీసినాను. మా పిల్లగుంటల్ని అటు పంపీమంటావేటి?"

నీలవేణి పిడి వదిలేసింది.  

"అప్పా, గంట మీదే. నిన్నా మీదే. గాలివాన వస్తోంది. పడవలు దించొద్దు. దింపితే పిలిచెయ్యండి."

"ఓలమ్మో," అంది దాలమ్మ. కేక కాదు, ఊపిరి. "దిగిపోనాయమ్మా."

ఫోను గోడకి కొట్టుకున్న చప్పుడైంది. వేలాడుతూ ఉండిపోయింది. ఆ తీగలోంచి నీలవేణికి అంతా వినిపించింది. దాలమ్మ పరిగెడుతూ అరుస్తున్న కేకలు. ఆడవాళ్ళ గొంతులు ఒకటికి పది కావడం. తాటాకులు కాల్చండి, పొగ పెట్టండి అని ఎవరో అరిచారు. పళ్ళేలు, డబ్బాలు వాయించారు. చాలాసేపటికి మగవాళ్ళ అరుపులు, ఇసకమీద పడవ ఈడ్చే హైలెస్సా వినబడ్డాయి. ఒక పడవ వచ్చింది. ఇంకొకటి. నీలవేణి రెండుచేతులతో హెడ్‌ఫోను చెవులకి నొక్కుకుంది. పక్కనుంచి గణపతిరావు "వచ్చారా? ఏం, వచ్చారా?" అని అడుగుతూనే ఉన్నాడు. ఆ తరవాత గాలి ఒక్కసారి లేచింది. తీగలో అన్ని చప్పుళ్ళూ ఒకేసారి ఆగిపోయాయి. ఎక్కడో స్తంభం పడిపోయింది.

రెండు రోజులు వాన కురిసింది. తోటవలసలో పెంకులు లేచిపోయాయి, అరటితోటలు పడుకున్నాయి. మంగళవారం ఎండ కాసింది. స్తంభాలు నిలబెట్టే మనుషులు పోలీసు కేంపు వైపు ముందు వెళ్ళారు. నరసింగరావు మనిషిచేత చీటీ పంపాడు. వేరుశనగ తడిసిపోయిందనీ, ఆ వేళ అదేపనిగా గంట మోగించి పనివాళ్ళని కంగారుపెట్టారనీ.

ఆ మధ్యాహ్నం ఒక ముసలిది ఎక్స్ఛేంజి గుమ్మంలో నిలబడింది. ఎండకి ఎండి నల్లబడిన సన్నటి మనిషి. మోకాళ్ళదాకా బురద. "నీలవేణమ్మంటే ఎవులు?" అంది. ఆ గొంతు విని నీలవేణి కుర్చీలోంచి లేచింది. అంత పెద్ద గొంతు అంత చిన్న మనిషిదని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

"రా అప్పా. కూర్చో."

దాలమ్మ కూర్చోలేదు. బోర్డుకేసీ, తాళ్ళకేసీ చూసింది. "ఇదేటి? మా మాటలన్నీ ఇందులోకేనా వచ్చీవి?"

"పడవలు...?"

"పొగ సూసి మిగతా అందరూ వచ్చీసినారు. మా తమ్ముడు, ఆడి కొడుకు రాముడు, ఆళ్ళ తెప్ప అన్నింటికన్నా ముందెల్లిపోనాది. పెద్ద గదా. ఆడే ముందెల్తాడు." దాలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. ముఖంమీద తడి లేదు. "తెప్ప దుంగ ఒకటి నిన్న కొట్టుకొచ్చినాది. మనుషులు రానేదు."

గణపతిరావు తన బల్లదగ్గర్నుంచి లేచి వచ్చి నిలబడ్డాడు. 

"ఆ వేళ ఆకాశం సూసి ముసలోళ్ళందరూ వద్దన్నారమ్మా," అంది దాలమ్మ. ఆమె నీలవేణితోనే మాట్లాడుతోంది. "నానూ వద్దన్నాను. మా తమ్ముడేటన్నాడో తెలుసా? గాలొచ్చీదైతే రెండు గంటలు మోగును గదా, మోగనేదు, అంటే రాదన్నమాట అన్నాడు. గవర్నమెంటోళ్ళకి మనకన్నా తెలుసన్నాడు. ఆ గోడకాసి ఓపాలి సూసి, తెప్ప దించీసినాడు."

నీలవేణి బోర్డు అంచు పట్టుకుంది.

"అందికే వచ్చినాను. ఆ పెట్టె తీసీండి. మాకొద్దు."

"బాగుచేయిస్తాం అప్పా. మళ్ళీ రాస్తాం..."

"మీరు రాస్తారు. నాకు తెలుసు తల్లీ, నువ్వు మంచిదానివి."

గణపతిరావు గొంతు సవరించుకున్నాడు. "మీ అంతట మీరే వద్దంటున్నారు కదా? ఊరంతా అనుకున్నదేనా?" అని అడిగాడు. మెల్లగానే అడిగాడు. కాని ఆయన చెయ్యి అప్పటికే బల్ల సొరుగు లాగుతోంది. ఆపి ఉంచిన కన్నం ఇక కేంపుకి ఇచ్చెయ్యొచ్చు. ఇంతకాలం రాసినా రానిది, అడక్కుండా వచ్చింది. తెల్ల కాయితం తీసి, నాలుగు ముక్కలు రాసి, సిరా దిండు ముందుకు జరిపాడు.

"ఆగండి," అంది నీలవేణి. ఉద్యోగంలో చేరాక ఆయనకి ఎదురుచెప్పడం అదే మొదలు. "ముందు మీరొకసారి ఆ పిడి తిప్పండి. మీ చేత్తో తిప్పండి. ఎలా జారుతోందో చూడండి. తరవాత వేలిముద్ర వేయించుకోండి."

గణపతిరావు పిడికేసి చూశాడు. చెయ్యి చాచలేదు. "నాకు తెలుసమ్మా," అన్నాడు నేలకేసి చూస్తూ. "ఆ కాయితం ఇరికించినప్పుడే తెలుసు. నేను మాత్రం ఏం చేసేది? ఉన్నదాంట్లోనే కదా."

దాలమ్మ వేలు దిండుమీద అద్ది కాయితంమీద నొక్కింది. వేలు చీర కుచ్చెళ్ళకి రాసుకుని గుమ్మందాకా వెళ్ళింది. నీలవేణి ఆమె వెనకే వెళ్ళింది.

"అప్పా, ఇక మీకు ఎలా తెలుస్తుంది?"

"తెల్దు." దాలమ్మ ఎండలోకి చూస్తూ అంది. "తెల్దని తెలిస్తే బయమేస్తాది. బయమేస్తే ఒడ్డునే ఉంటాం. ఆకలేస్తే ఏస్తాది."

ఆమె బురద దారిన నడిచి వెళ్ళిపోయింది. నీలవేణి తిరిగి వచ్చేసరికి గణపతిరావు బోర్డు వెనక చెక్క తీసి ఉన్నాడు. స్క్రూడ్రైవరు ఆమెకి అందించాడు. ఆమె తీసుకోలేదు.  ఆయన తనే వంగి, తీగ వెతికి, మర వదులు చేశాడు. తీగ ఊడి వచ్చింది. కిందికి వాలిపోలేదు. ఇన్నాళ్ళూ బిగించి ఉన్న వంపులోనే గాలిలో అలా నిలబడి ఉంది.

"సాయంత్రంలోగా రేవు పాత కన్నంలో కేంపు లైను వేసెయ్యాలి," అన్నాడాయన, ఇంకా వంగే ఉండి. ఆయన గొంతులో హాయి ఉంది. అది తనకే వినిపించినట్టు మళ్ళీ మాట్లాడలేదు.

బోర్డు ముందువైపు ఎవరిదో రెక్క పడింది.